మాటలాడినందుకు జరిమానా
(పరుల ఆటగానిని ఆశపెట్టి లాగుకొను నేరముయొక్క చరిత్ర)



గత వేసవిలో మా మేనమామగారు పల్లెనుండి వచ్చి, హైదరాబాదులో వెంగళరావు నగరునందలి మా యింట పది దినములుండిరి. ఆయన ఏబది యేండ్లు సేద్యము చేసినవారు, పంచాయతీలలో కూర్చున్నవారు. ఒకనాటి సాయంకాలము మే మిరువురమును యూసుఫ్‌గూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి స్టేడియము ప్రక్కగా నడచి వచ్చుచుంటిమి. త్రోవలో కొందరు బాలురు బంతిని నేలకు కొట్టుచు, అమెరికాదేశపు బాస్కెటుబాలు ఆటగాండ్రను గూర్చి వాదించుకొనుచుండిరి. న్యూయార్కు జట్టువారు పరుల ఆటగానితో గడువునకు ముందే మాటలాడి శిక్ష పొందిరని ఒక బాలుడనెను. మామగారు నిలిచిపోయి, “మాటలాడినందుకు శిక్ష యేమి నాయనా? దొంగిలించిరా, కొట్టిరా?” అని యడిగిరి. ఆ బాలుడు చెప్పలేకపోయెను. నిజము చెప్పవలెనన్న, నేనును వెంటనే చెప్పలేకపోతిని.

ఇంటికి వచ్చి కూర్చున్న పిమ్మట నే నాయన నొక ప్రశ్న అడిగితిని. “మామా, ఉగాదికి కుదిరిన జీతగానిని సంక్రాంతినాడు మరియొక రైతు చాటునకు పిలిచి, నీకు రెండు బస్తాల ధాన్యము ఎక్కువ యిచ్చెదను, నా యింటికి రమ్మని చెప్పినచో మన ఊరిలో నేమందురు?”

“ఏమందురు! పెద్దలు పిలిపించి తప్పు కట్టింతురు.”

“ఎవరిచేత కట్టింతురు? జీతగానిచేతనా, పిలిచిన రైతుచేతనా?”

మామగారు కొంతతడవు ఊరకుండిరి. పిమ్మట, “అది ఊరినిబట్టి యుండును” అనిరి.

నా నేటి ప్రసంగమంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమని మీరు తలపవలెను. ఒకని సేవలోనున్న వానిని మరియొకడు ఆశపెట్టి లాగుట తప్పని అన్ని దేశములవారును ఒప్పుకొనిరి. కాని ఆ తప్పునకు వెల ఎవరు చెల్లింపవలెను? పిలిచినవాడా, పిలువబడినవాడా? ఈ ప్రశ్నకు లోకము ఆరేడు వందల యేండ్లుగా వేరువేరు ప్రత్యుత్తరములు చెప్పుచు వచ్చినది. ఆ ప్రత్యుత్తరములను వరుసగా చూచినయెడల, బాస్కెటుబాలు సంఘమువారి జరిమానాయును, మన పల్లెలోని జీతగాని తగవును ఒక్క చెట్టు కొమ్మలేయని తెలియగలదు.

ముందుగా ఆ ఆటలోని నేరమేదో తెలిసికొందము. అమెరికాలో వృత్తిగా బాస్కెటుబాలు ఆడు పెద్ద సంఘమును నేషనల్ బాస్కెటుబాల్ అసోసియేషను అందురు, మూడక్షరములలో ఎన్.బి.ఎ. అని వాడుక. దానిలో 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టునకు యజమానులు, మేనేజర్లు కలరు. ఆటగాడు ఒక జట్టునకు కొన్ని యేండ్లు ఆడుదునని ఒడంబడిక వ్రాసికొనును. ఆ యేండ్లు నిండినపుడు అతడు సామాన్యముగా స్వతంత్రుడగును. తనకు నచ్చిన జట్టుతో బేరమాడుకొనవచ్చును. ఈ స్థితికి ఫ్రీ ఏజెన్సీ యని పేరు. గడువు తీరిన స్వాతంత్ర్యమని మనము చెప్పుకొనవచ్చును. ఒడంబడికలు బహుళముగా జూను మాసాంతమున ముగియును. ఆ దినమున నియమితమైన గంట కొట్టువరకు ఇతర జట్లవారు ఆ ఆటగానితో గాని, అతని పక్షమున బేరము చేయు ఏజెంటుతో గాని బేరములు చేయరాదు. చేసినయెడల అది టాంపరింగు అను నేరము.

ఇంత కట్టుదిట్ట మెందుకని మీకు తోచవచ్చును. ఆటగాని దేహ మొక జట్టులోను, మనస్సు మరియొక జట్టులోను ఉన్నచో ఆట చెడును. రేపు తనకు జీతమియ్యబోవు జట్టుమీద నేడు అతడు నిజముగా ఆడునా యని చూచువారికి సందేహము కలుగును. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. పెద్ద పట్టణములలోని జట్లకు ధనమును, ఆకర్షణయును మెండు. అవి ఏడాది పొడవున చిన్న ఊళ్ల జట్ల ఆటగాండ్రను చెవిలో మాట వేసి లాగుచుండినచో చిన్న జట్లు నిలువజాలవు. వంద ఎకరముల ఆసామి ఐదెకరముల రైతుయొక్క జీతగానిని కోతల వేళ పిలిచికొనిపోయినచో ఆ చిన్న రైతు గతి యేమగునో, ఇదియు నట్టిదే.

ఇక ఈ నేరముయొక్క పుట్టుక చూతము. 1348 వ సంవత్సరమున ఇంగ్లండుదేశమున మహామారి ప్రవేశించెను. జనము లెక్కకు మీరి చనిపోయిరి. పొలము దున్నువారు కరవైరి. మిగిలిన కూలీలు ఎక్కువ కూలి యడుగసాగిరి; భూస్వాములు ఒకరి కూలీలను మరియొకరు ఎక్కువ కూలి యిచ్చి పిలుచుకొనసాగిరి. అంతట 1349 లో రాజు ఒక శాసనమును, 1351 లో పార్లమెంటు మరియొక శాసనమును చేసిరి. మహామారికి పూర్వమున్న కూలినే పుచ్చుకొనవలెను. కుదిరిన కాలము తీరకముందు యజమానుని విడిచినవానిని చెరలో నుంచవలెను. అట్టివానిని తెలిసి పెట్టుకొనిన యజమానునకును చెరయే యని ఆ నిబంధనలు. చూచుటకు ఇవి ఇరుపక్షములకును సమానముగ తోచును. కాని కూలి పెరుగకుండ ఆపుటయే ఆ శాసనముల ఉద్దేశము. కూలివాని చేతిలో మొదటిసారిగా కొంత బలము వచ్చిన వేళ, ఆ బలమును తీసివేయుటకే అవి పుట్టినవి. ఆశపెట్టి లాగుట యను నేరము ఇట్లు యజమానుల రక్షణకై జన్మించినదని మనము మరువరాదు.

తరువాత అయిదు వందల యేండ్లకు అదే దేశమున ఒక పాట కచేరి తగవు వచ్చెను. జోహన్నా వాగ్నరు అను జర్మను గాయని 1852 లో లండనులో లమ్లీ యను నాటకశాలాధిపతి యొద్ద మూడు మాసములు పాడుటకు ఒప్పుకొనెను. గై యను మరియొక నాటకశాలాధిపతి ఆమెకు ఎక్కువ ధన మిచ్చెదనని తన శాలకు పిలిచెను. లమ్లీ న్యాయస్థానమున కెక్కెను. ఆమెచేత బలవంతముగా పాడించుట మాకు సాధ్యము కాదు, కాని ఈ గడువులో ఆమె మరియొకచోట పాడరాదని మాత్రము ఆజ్ఞాపింపగలమని న్యాయాధిపతి చెప్పెను. పిమ్మట లమ్లీ గైమీద వేరుగా వ్యాజ్యము వేసెను. 1853 లో క్వీన్సు బెంచి న్యాయస్థానమువారు అధికసంఖ్యాకుల అభిప్రాయముచొప్పున, ఒప్పందమున్నదని యెఱిగియు దానిని చెరుపుటకు ప్రేరేపించినవాడు నష్టపరిహారమునకు బాధ్యుడగునని తీర్మానించిరి. ఇచ్చట న్యాయము ఒక మెట్టు కదలినది. కూలివానిని చెరలో నుంచు మార్గము పోయి, ప్రేరేపించిన ధనికుని సంచి విప్పించు మార్గము కనబడినది.

అయితే ఆ కాలముననే మన దేశమున నేమి జరిగినదో చూడుడు. 1859 వ సంవత్సరపు 13 వ ఆక్టు అని యొకటి ఉండెడిది. ముందుగా బయానా పుచ్చుకొని పనికి రాని పనివానిని యజమాని మేజిస్ట్రేటు ఎదుటికి ఈడ్పింపవచ్చును. పనివాడు డబ్బు తిరిగి ఇయ్యవలెను, లేదా పని చేయవలెను. రెండును చేయనిచో మూడు మాసములవరకు కఠినశిక్ష. లండనులో గాయనిని పిలిచిన ధనికుడు నష్టపరిహారమునకు బాధ్యుడు. ఇచ్చట బయానా తీసికొన్న పేదవాడు కారాగృహమునకు పాత్రుడు! ఆ ఆక్టును 1925 లో శాసనము చేసి రద్దుచేసిరి.

హైదరాబాదు రాజ్యమున భగేలా యను పేరు వినని పెద్దలు మీలో అరుదుగా నుందురు. తండ్రి తీసికొన్న అప్పునకు కొడుకు దొరగారి యింట జీతముండుట, ఆ కొడుకు అప్పు తీరకముందే వృద్ధుడగుట, అది భగేలా. దానికి ఉగాది లేదు, గడువు లేదు. నిజాము ప్రభుత్వమువారు 1936 లో భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు నిబంధనలు చేసిరి. దేశమంతటికిని వెట్టిచాకిరిని నిషేధించు శాసనము 1976 లో వచ్చెను. లక్షలార్జించు ఆటగానిని ఆ జీతగానితో పోల్చుట న్యాయము కాదని నే నెఱుగుదును. అయినను ఒక్క విషయమున పోలిక కలదు. గడువు లేని ఒడంబడిక ఒడంబడిక కాదు, సంకెల. ఆ సంకెలకు కాపలాగా నిలిచిన నియమము ఎంత మంచి పేరు పెట్టుకొన్నను మంచిది కాజాలదు.

మా వెంగళరావు నగరు 1973 మొదలు 1978 వరకు ముఖ్యమంత్రిగా నుండిన జలగం వెంగళరావుగారి పేరిట నున్నది. దీనికి కొలది దూరముననే జూబిలీహిల్సును, ఫిలింనగరును కలవు. తెలుగు సినిమా మద్రాసునుండి ఇచ్చటికి వచ్చి స్థిరపడినది. ఆ మద్రాసు దినములలో నటులు కూడ జీతగాండ్రవలెనే నెలజీతమునకు కుదిరెడివారు. నందమూరి తారక రామారావుగారు తమ తొలి కాలమున విజయా సంస్థవారియొద్ద నెలజీతము మీద నుండి, 1951 లో పాతాళభైరవి చిత్రమున నటించిరి. అమెరికాలో ఈ పద్ధతి మిక్కిలి బిగువైనది. అచ్చట స్టూడియోవారు నటులచేత ఏడేండ్లకు వ్రాయించుకొనెడివారు. ఇచ్చిన వేషము వద్దన్నచో కొన్ని మాసములు జీతము నిలిపి, ఆ మాసములను ఏడేండ్ల మీద మరల కలిపెడివారు. అందుచేత ఏడేండ్లు ఎనిమిదై, తొమ్మిదై సాగుచుండెను. ఒలీవియా డి హావిలండు అను నటీమణి వార్నరు సోదరుల సంస్థపై వ్యాజ్యమాడగా, 1944 లో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానమువారు, ఏడేండ్లనగా పంచాంగములోని ఏడేండ్లేయని తీర్పు చెప్పిరి. ఉగాది ఉగాదినాడే రావలెను. యజమాని దానిని వెనుకకు జరుపరాదని దాని భావము.

మన దేశపు న్యాయమును ఇట్లే యున్నది. 1872 నాటి కాంట్రాక్టు శాసనమున 27 వ సెక్షను, ఒకని వృత్తిని అడ్డగించు ఒప్పందము చెల్లదని చెప్పును. క్రికెటు ఆటగాడు జహీర్ ఖాన్ 2000 మొదలు మూడేండ్లు తన ప్రచారవ్యవహారములను ఒక కంపెనీకి అప్పగించెను. గడువు తీరిన పిమ్మటకూడ, మరియొకరు ఇచ్చు బేరమును తమకే ముందుగా చూపవలెనని ఆ కంపెనీవారు ఒడంబడికలోని ఒక షరతు నాధారముచేసికొని పట్టుపట్టిరి. 2006 లో సుప్రీంకోర్టువారు, గడువులోపల కట్టు చెల్లును గాని గడువు తీరిన పిమ్మట అట్టి కట్టు చెల్లదని తీర్మానించిరి.

ఇప్పుడు మరల బాస్కెటుబాలు చెంతకు వత్తము. ఎన్.బి.ఎ. 1946 లో మొదలైనది. తొలి దినములలో ఒడంబడిక తీరినను ఆటగాడు స్వతంత్రుడు కాడు. పాత జట్టు హక్కు అతనిని విడువదు. ఆ జట్టు విడిచిన గాని, అమ్మిన గాని అతడు మరియొక జట్టునకు పోజాలడు. 1970 లో ఆటగాండ్ర సంఘాధ్యక్షుడైన ఆస్కార్ రాబర్ట్‌సన్ అను మహాక్రీడాకారుడు ఈ పద్ధతిపై వ్యాజ్యము వేసెను. ఆరేండ్లు నడచి 1976 లో రాజీ కుదిరెను. దానివలన తలుపు కొంత తెరువబడినది. 1988 నుండి కొన్ని యేండ్లు సేవ చేసిన ఆటగాండ్రకు ఏ యడ్డును లేక ఇష్టమైన జట్టునకు పోవు స్వాతంత్ర్యము లభించెను. మన దేశమున వెట్టిని నిషేధించిన సంవత్సరమును, రాబర్ట్‌సన్ రాజీ సంవత్సరమును ఒక్కటే యగుట యాదృచ్ఛికమే యైనను, జ్ఞాపకముంచుకొనుటకు బాగుండును.

ఈ స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటనే టాంపరింగు నియమమునకు క్రొత్త అర్థము వచ్చినది. పూర్వము అది ఆటగాడు కదలకుండ కాపలా కాచెను. ఇప్పుడు అతడు కదలవలసిన దినము వచ్చువరకు పెద్ద జట్ల చేతులను పట్టియుంచుచున్నది. శిక్షలను చూచినచో ఈ మార్పు తెలియును.

1995 లో న్యూయార్కు నిక్స్ జట్టు శిక్షకుడైన పాట్ రైలీ, ఇంకను ఒక యేడు గడువుండగనే రాజీనామా యిచ్చి, కొలది మాసములలో మయామీ హీట్ జట్టున చేరెను. మీరే ముందుగా మాటలాడితిరని న్యూయార్కువారు ఫిర్యాదు చేసిరి. తగవు తీరుటకు మయామీవారు 10 లక్షల డాలర్లును, డ్రాఫ్టులోని మొదటి వరుస హక్కు నొకదానిని ఇచ్చుకొనిరి. డ్రాఫ్టనగా ఏటేట క్రొత్తగా వచ్చు యువకులను జట్లు వంతులవారిగా ఎన్నుకొను పద్ధతి. ఓడిన జట్లకు ముందు వంతులు దొరకునట్లు అది యేర్పడినది. వంతు పోవుట రాబోవు పంట పోవుటవంటిది.

2017 లో లాస్ ఏంజిలిస్ లేకర్సు జట్టు పెద్దయైన మాజిక్ జాన్సన్ ఒక టెలివిజన్ కార్యక్రమమున, ఇండియానా జట్టులోనున్న పాల్ జార్జ్ అను ఆటగానిని గూర్చి పరిహాసముగా మాటలాడి కన్ను గీటెను. సంఘమువారు హెచ్చరించిరి. హెచ్చరించిన పిమ్మటకూడ ఆ జట్టు మేనేజరు ఆ ఆటగాని ఏజెంటుతో మాటలాడెనని విచారణలో తేలగా, లేకర్సుకు 5 లక్షల డాలర్ల జరిమానా పడెను. రహస్య ఒప్పందమేదియు కనబడలేదు, మాటలకే జరిమానా. మా మామగారి ప్రశ్న ఇచ్చటనే పుట్టును. మాటయే విత్తనము, మొలక వచ్చిన పిమ్మట పట్టుకొనుట కష్టమని సంఘమువారి అభిప్రాయము.

కాని విచారణ సులభము కాదు. ఏటేట జూను మాసపు తుది దినమున గంట కొట్టిన కొలది నిమిషములలోనే కోట్ల డాలర్ల ఒప్పందములు ప్రకటింపబడుచుండెను. నిశ్చితార్థము లేకయే లగ్నపత్రిక అచ్చైనట్లు! ముందు మాటలాడక ఇది యెట్లు సాధ్యమని అందరు నవ్వసాగిరి. అందుచేత 2019 సెప్టెంబరులో సంఘమువారు నియమములను బిగించిరి. ఈ నేరమునకు జట్టు చెల్లింపవలసిన జరిమానా కోటి డాలర్లవరకు పెంచబడెను. ఏజెంట్లతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరములను ఏడాదివరకు భద్రపరుపవలెను. ఏటేట ఐదు జట్లను చీట్లు తీసినట్లు ఎన్నుకొని వారి లేఖలను పరీక్షింతురు. డ్రాఫ్టు వంతులను తీసివేయుటకును, అధికారులను సస్పెండు చేయుటకును కమిషనరునకు అధికారము కలదు.

తరువాత శిక్షలు వరుసగా వచ్చినవి. 2020 లో మిల్వాకీవారు బొగ్దాన్ బొగ్దనోవిచ్ అను ఆటగాని విషయమున ముందుగా మాటలాడి 2022 నాటి రెండవ వరుస వంతును పోగొట్టుకొనిరి. ఆ ఆటగాడు వారికి దక్కనులేదు. 2021 లో లోంజో బాల్ విషయమున షికాగోవారును, కైల్ లౌరీ విషయమున మయామీవారును అట్టి వంతుల నొక్కొక్కటి కోల్పోయిరి. 2022 లో ఫిలడెల్ఫియావారికి రెండు వంతులు పోయెను. ఆ యేటి డిసెంబరులోనే, మా వీధి బాలురు చెప్పుకొనిన శిక్ష పడినది. డల్లాసు జట్టులోనుండిన జేలన్ బ్రన్సన్‌ను గడువునకు ముందే మాటలలో పెట్టినందుకు న్యూయార్కువారు 2025 నాటి రెండవ వరుస వంతును కోల్పోయిరి.

ఈ తగవు మీకు మిక్కిలి సుపరిచితముగ తోచగలదు. ఆ వేసవిలో న్యూయార్కువారు బ్రన్సన్ తండ్రిని తమ జట్టునకు సహాయశిక్షకునిగా నియమించుకొనియుండిరి. జట్టు పెద్ద పూర్వము ఏజెంటుగా నుండినవాడు, ఆ కుటుంబమునకు చిరకాలపు చెలికాడు. తండ్రి కొడుకుతో భోజనమువేళ నేమి మాటలాడెనో ఏ విచారణాధికారి వ్రాసికొనగలడు? బంధుత్వమున్న చోట సాక్ష్యము దొరకదని పంచాయతీలలో కూర్చున్నవారికి వేరుగా చెప్పనేల?

ఈ శిక్షలపై ఒక గట్టి ఆక్షేపణ కలదు. రెండవ వరుస వంతు అల్పమైనది. బ్రన్సన్ న్యూయార్కు జట్టునకు నాయకుడై దానిని పైకి తెచ్చెను. అట్టివానికై ఒక చిన్న వంతు పోయినచో ఏ యజమాని విచారించును? శిక్ష చిన్నదైనపుడు అది శిక్షగా నుండక వెలగా మారును. సంతలో గేటు రుసుము కట్టి లోపలికి పోవునట్లు, ధనికుడు జరిమానా కట్టి తప్పు చేయును. ఈ ఆక్షేపణ నిజమే. 2024 లో సంఘమువారు నియమమును కొంత సడలించిరి. ఆటల ఋతువు ముగిసిన మరుదినమునుండియే ఏ జట్టుయైనను తన ఆటగాండ్రతోనే క్రొత్త ఒప్పందమును గూర్చి మాటలాడవచ్చును. పాత యజమానికి ముందుగా అడుగుకొను అవకాశ మిచ్చిరి. అది న్యాయమే.

అయినను ఒక్క విషయము గమనింపుడు. పైన చెప్పిన ఆటగాండ్రలో ఎవనికిని, గడువునకు ముందు మాటలాడినందుకు ఆట మాన్పించుట గాని, జీతము కోయుట గాని జరుగలేదు. ధనము గల సంస్థయే చెల్లించినది. శిక్ష చిన్నదేమో గాని సరియైన గడపయొద్దకే వెళ్లినది.

ఇక మన దేశమున నేమి జరిగినది? 2007 లో ఎస్సెల్ సంస్థవారు ఇండియన్ క్రికెట్ లీగు అను పోటీని నెలకొల్పిరి. క్రికెటు బోర్డువారు దానిని ఒప్పుకొనలేదు. అందుచేరిన ఆటగాండ్రను తమ పోటీలనుండి బహిష్కరించిరి. గుంటూరున జన్మించి, 2004 లో 19 ఏండ్లలోపు బాలుర ప్రపంచ పోటీలలో భారతజట్టునకు నాయకుడైన అంబటి రాయుడు వారిలో నొకడు. అతడు ఆ లీగునందు హైదరాబాదు హీరోస్ జట్టునకు ఆడెను. ఒక యజమానికి వ్రాసియిచ్చిన కాలమును నడుమ విడిచినందుకు వచ్చిన శిక్ష కాదది. బోర్డువారు ఒప్పుకొనని పోటీలో చేరినందుకు వచ్చిన శిక్ష. 2009 లో బోర్డువారు, ఆ లీగును విడిచివచ్చినవారిని మన్నింతుమని ప్రకటింపగా అతడు తిరిగి వచ్చెను. 2013 లో, 27 వ యేట, భారతజట్టున తొలి అంతర్జాతీయ పోటీ ఆడెను. ఆటగాని వయస్సు వరిచేనివంటిది. అదను తప్పిన నాటు మరల నాటుట కష్టము. రెండేండ్లు పోయినచో ఏ కోర్టును తిరిగి ఇప్పింపజాలదు.

2008 లో బోర్డువారే ఇండియన్ ప్రీమియర్ లీగును మొదలిడిరి. మన హైదరాబాదు పక్షమున డెక్కన్ చార్జర్సు జట్టు 2009 లో విజయము పొందెను. మరుసటి యేడు టాంపరింగువంటి తగవే యొకటి వచ్చెను. రాజస్థాన్ జట్టునకు ఆడిన రవీంద్ర జడేజా, క్రొత్త ఒప్పందము వ్రాయక, ముంబయి జట్టుతో తానే బేరమాడబోయెనని విచారణ జరిగెను. అతడు నియమము తప్పెనని తేల్చి, 2010 ఋతువంతయు ఆడరాదని శిక్షించిరి. అప్పటి కతనికి ఇరువదియొకటి యేండ్లు. నియమము తప్పుట తప్పేయని నేనందును. కాని త్రాసున ఒక ప్రక్క ఇరువదియొక యేండ్ల యువకుడు, మరియొక ప్రక్క కోట్లు గల సంస్థలు ఉన్నపుడు, పోగొట్టుకొనినది యువకుడు ఒక యేటి ఆటను. న్యూయార్కు తగవును దీనిప్రక్కన పెట్టి చూడుడు. అచ్చట ఆటగాడు ఆడుచునే యుండెను, జట్టు తన వంతును పోగొట్టుకొనెను.

హైదరాబాదునకు బాస్కెటుబాలులోకూడ వృత్తి జట్టొకటి యుండెను. 2015 లో ప్రారంభమైన యు.బి.ఎ. పోటీలలో హైదరాబాదు స్కై యను జట్టు ఆడెను. ఆ పోటీలు కొలది కాలమే నడచినవి. కాని కబడ్డీ, క్రికెటు మొదలగు ఆటలలో వృత్తి జట్లు పెరుగుచున్నవి. మీ పల్లెల బాలురే రేపు ఒడంబడికలమీద వ్రేలుముద్రకు బదులు సంతకము చేయుదురు. ఆనాడు తండ్రులుగా, తాతలుగా మీరు మూడు మాటలు అడిగి తెలిసికొనవలెను. ఈ గడువు ఏ దినమున తీరును? తీరిన పిమ్మట మావాడు ఎవనినైనను అడుగవచ్చునా? నడుమ నెవరైన పిలిచినచో తప్పు ఎవరు కట్టవలెను? మొదటి రెండింటికి స్పష్టమైన ప్రత్యుత్తరము లేనియెడల ఎంత పెద్ద మొత్తమైనను సంతకము చేయనీయకుడు. మూడవదానికి పిల్లవాడే కట్టవలెనను ప్రత్యుత్తరము వచ్చినచో, ఆ నియమము 1351 నాటిదని తెలిసికొనుడు.

గడువు నడచుచున్నంతకాలము మాట నిలుపుట ధర్మము. గడువు తీరిన దినమున విడిచిపెట్టుటయు అంతే ధర్మము. నడుమ కాలమున చాటుమాటు బేరము చేసినవానిలో ఎవనికి బలమెక్కువయో వానిదే అధికమైన తప్పు. ఎన్.బి.ఎ. వారు ఈ ధర్మమును సంపూర్ణముగా నడుపుచున్నారని నే ననను. వారి జరిమానాలు కొన్ని వేళల పరిహాసమునకు పాత్రములే. కాని తప్పు ఎవరు కట్టవలెనను ప్రశ్నకు వారు చెప్పిన ప్రత్యుత్తరము, అనేక శాసనములు చెప్పిన ప్రత్యుత్తరముకన్న మేలైనది.

మామగారు తిరిగి పల్లెకు వెళ్లునాడు బస్సుకొరకు నిలుచుండగా, ఆ వెనుకటి మాటను తామే ఎత్తిరి.

“నాయనా, ఒక యేడు మన ఊరిలో అట్టి తగవు వచ్చెను. పిలిచిన రైతు పెద్దలలో నొకడు. అందుచేత తప్పు జీతగానిచేత కట్టించితిమి. అతడు భార్య చేతి కడియములు కుదువపెట్టి కట్టెను.”

“మీరు వారించలేదా మామా?”

“ఆ పెద్దలలో నేనును ఉంటిని” అనిరి.

బస్సు వచ్చెను. ఆయన ఎక్కి కిటికీయొద్ద కూర్చుండి, మరల నావైపు చూడలేదు.